వానలో తడిసిన మోకు

మా అన్న కొడుకు శ్రీకాంత్ నా పుస్తకాల్లో ఒక్కటీ చదవలేదు. ఆ సంగతి దాచుకునే రకమూ కాదు. "నీ పుస్తకం తెరిస్తె నిద్రొస్తది చిన్నాయినా" అని మొహం మీదే అంటాడు. అలాంటివాడు మొన్న ఫోన్ చేసి, "నాకొక కాగితం రాసియ్యాలె, నువ్వు రాస్తెనే మంచిగుంటది" అంటే, ఇదేం చోద్యం అనుకున్నాను. లోపల కాస్త పొంగిపోయాను కూడా. ఇబ్రహీంపట్నంలో వాడిది చెట్ల పని. ఇళ్ల మీదికి, కరెంటు తీగల మీదికి వాలిన కొమ్మలు కొట్టడం, ఎండిపోయిన చెట్లను పైనుంచి ముక్కలు చేస్తూ కిందికి దించడం. కొంగరకలాన్ దిక్కు ఒక కంపెనీవాళ్లు తమ ఆవరణలోని చెట్ల పని వాడికి ఇస్తామన్నారట. అయితే ఏ సామాను వాడతారు, ఏ పద్ధతిలో కొమ్మ కొడతారు, పనివాళ్లు పాటించే నియమాలేమిటి, అన్నీ రాతలో ఉండాలన్నారట. ఆ నియమాలు నేను రాయాలి. బడిపిల్లలకు తెలుగు చెప్పి చెప్పి రిటైరైన మనిషిని, చేతిలో వేరే పనేముంది కనుక, సరేనన్నాను.

ఒక ఆదివారం పొద్దున వాడి షెడ్డుకు పోయాను. రేకుల షెడ్డు. గోడకు వరుసగా మేకులు, మేకులకు పసుపు రంగు గట్టి టోపీలు, నడుముకూ తొడలకూ కలిపి బిగించుకునే బెల్టులు, ఇనుప కొక్కేలు, రంగురంగుల నైలాన్ తాళ్లు. కింద గోనెపట్టా మీద పెట్రోలు వాసన కొడుతూ మూడు మిషన్ రంపాలు. మరీ పెద్ద చెట్టయితే బుట్ట పైకి లేచే బండిని అద్దెకు తెస్తాడట. మనిషి ఆ బుట్టలో నిలబడి కొమ్మ కోస్తాడు, చెట్టును చేత్తో తాకే పని కూడా లేదు. నేను ఒక్కొక్కటీ పట్టుకుని చూశాను. మా బాపుకు, అన్నకు, నాకు, ముగ్గురికీ కలిపి ఉన్నవి రెండు మోకులు, ఒక రంపం, ఒక గొడ్డలి, ఒక కొడవలి. టోపీ అంటే తలకు చుట్టుకున్న తువాల.

ఆ రోజు కొత్తగా ఇద్దరు పనిలో చేరారు. శ్రీకాంత్ ఒక తాడు చేతిలో పట్టుకుని వాళ్లకు పాఠం చెప్తున్నాడు. మిగతావాళ్లు గోడకు ఆనుకుని వింటున్నారు. వాడి తల్లి, మా వదినె సత్తెమ్మ, స్టీలు గ్లాసుల్లో ఛాయ్ పోస్తోంది.

"ఇగో, ఇంటున్నరా? టోపీ పెట్టుకోకుంటె తల పగుల్తది, గది మీ ఇష్టం. తాడు సంగతి మాత్రం నా ఇష్టం. తాడు తడిస్తె నాకు జెప్పాలె. వానల ఇడిసిపెట్టినోడు మళ్ల నా షెడ్డు మొఖం సూడొద్దు. ఎందుకంటరా? మా అమ్మ మోకును వానల ఇడిసింది. మా బాపు చింతచెట్టు మీదికెళ్లి పడ్డడు. గప్పట్నుంచి సచ్చేదాంక మంచంల్నే."

కొత్తవాళ్లలో ఒకడు తలెత్తి వదినె వైపు చూశాడు. ఆమె ఛాయ్ పోస్తూనే ఉంది. గ్లాసు నింపి, కొంగుతో పట్టుకుని, ఆ చూసినవాడికే ముందు అందించింది. శ్రీకాంత్ నా వైపు తిరిగి, "చిన్నాయినా, మొట్టమొదలు గిదే రాయి. కథ లెక్క రాయి. సదివినోనికి గుండె ఝల్లుమనాలె" అన్నాడు.

మోకు వానలో తడిసిన మాట నిజం. మా అన్న చెట్టు మీంచి పడ్డ మాట నిజం. మొదటి దాని వల్లే రెండోది జరిగిందన్నది పచ్చి అబద్ధం. ఆ అబద్ధం పుట్టింది నా నోట్లోనే. ఇన్నేళ్లూ అది ఇంట్లో తిరుగుతుంటే, నా కళ్ల ముందే ఒక మనిషి దాని కింద నలిగిపోతుంటే, నోరు మూసుకుని కూర్చున్నదీ నేనే. మాటగా ఉన్నన్నాళ్లు ఎట్లాగో నెట్టుకొచ్చాను. ఇప్పుడు దాన్ని నా చేత్తో రాసి అచ్చు వేయించమంటున్నాడు. ఆ కాగితాన్ని ఈ గోడకే అంటిస్తాడు. వదినె దాని పక్కనే నిలబడి రోజూ ఛాయ్ పోస్తుంది. చేతిలో ఉన్న గ్లాసు అట్లాగే పక్కన పెట్టేశాను.

ఆ కాలం అనగానే నాకు ముందు గుర్తొచ్చేవి వాసనలే. మా ఇంట్లో ఎప్పుడూ వేప పొట్టు వాసన, రంపానికి రాసే ఆముదం వాసన, బాపు చుట్ట వాసన. బట్టలు ఎన్నిసార్లు ఉతికినా తుమ్మ జిగురు మరకలు పోయేవి కావు. అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. మగవాళ్లం ముగ్గురం ఏదో ఉడకేసుకుని తింటూ బతుకీడుస్తుంటే, అన్న యాదయ్యకు పెళ్లయి సత్తెమ్మ వదినె వచ్చాకే ఆ ఇంట్లో పొయ్యి పద్ధతిగా వెలిగింది. నాకంటే రెండు మూడేళ్లు పెద్దది, అంతే. అయినా వచ్చిన నెలకే నన్ను చెవి పట్టుకుని స్నానానికి తోలేది. జొన్నరొట్టె ఎంత పల్చగా కొట్టేదో! పక్కన పచ్చిపులుసు, కాల్చిన ఎండుమిరపకాయ. అంతకంటే మంచి తిండి నేను ఏ పెళ్లిలోనూ తినలేదు.

పొద్దున లేవగానే బాపు చేసే మొదటి పని, దూలానికి వేలాడే మోకును దించడం. జనపనారతో పేనిన లావుపాటి తాడు అది. కళ్లు మూసుకుని దాన్ని అరచేతిలోంచి జానెడు జానెడుగా జారవిడిచేవాడు. "కండ్లు మోసం జేస్తయ్ రా, శెయ్యి జెయ్యదు" అనేవాడు. ఎక్కడన్నా మెత్తగా తగిలితే ఆ చోటును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. పాడవుతున్న నారకు పుట్టగొడుగు వాసన ఉంటుంది. ఆ వాసన వచ్చిందా, ఇక ఆ మోకు మనిషి నడుముకు పనికిరాదు. కొమ్మలు దించడానికి వాడతారు. ఇంకా పాతబడితే బర్రెను కట్టేయడానికి పోతుంది. రెండు మోకులూ ఒకే తీరుగా కనిపించేవి గనక మనిషి మోకు కొసకు వదినె ఎర్రగుడ్డ పీలిక కట్టింది. పొరపాటున ఎవరైనా మోకును దాటి నడిస్తే బాపుకు ఎక్కడలేని కోపం వచ్చేది.

చెట్టు దగ్గరికి పోయాక కూడా ఆయన వెంటనే పని మొదలుపెట్టనిచ్చేవాడు కాదు. చుట్టూ ఒకసారి తిరగాలి. గొడ్డలి వెనక వైపుతో మానును తట్టి వినాలి. లోపల డొల్ల ఉంటే ఆ చప్పుడు వేరు. తేనెపట్టు ఉందా, ఎర్రచీమలున్నాయా, గాలి ఎటు వీస్తోంది, కొమ్మ పడేచోట కోడిపిల్ల సహా ఎవరూ లేకుండా చూడాలి. కొమ్మను ముందు కింది వైపునుంచి కొంత కోసి, తర్వాత పైనుంచి కోయాలి. నేరుగా పైనుంచి కోస్తే విరిగేటప్పుడు మాను బెరడును నిలువునా చీల్చుకుంటూ పోతుంది. మోడు మిగలొద్దు, అట్లాగని మానుకు ఆనించి చెక్కెయ్యనూ వద్దు. కొమ్మ మొదట్లో కాస్త ఉబ్బిన చోటు ఒకటుంటుంది, అది వదిలేస్తే చెట్టు ఆ గాయాన్ని తనంతట తనే మూసుకుంటుంది. నేను తొందరపడి అడ్డదిడ్డంగా కోసినప్పుడు బాపు తిట్టే తిట్టు ఒకటే. "చెట్టు యాడికి పోతది రా? ఆడనే ఉంటది. రేపు నువ్వు గీ తొవ్వంట పోతుంటె నీ దిక్కే సూస్తది. సిగ్గుండాలె."

అన్నింటికంటే గట్టి కట్టడి ముడి దగ్గర. ఎక్కేవాడు మోకును నడుముకు రెండు చుట్లు చుట్టుకుని ముడిని వీపు మీదికి తోసుకుంటాడు. ముందు వైపుంటే పాకేటప్పుడు ఒరుసుకుంటుంది, గొడ్డలి పిడి తగులుకుంటుంది. మోకు రెండో కొసను పైన ఒక గట్టి పంగలోంచి వేసి కిందికి దించుతారు. కింద ఉన్నవాడు దాన్ని చెట్టు మొదలుకు ఒక చుట్టు తిప్పి పట్టుకుంటాడు. పైనున్నవాడి కాలు జారితే కిందివాడి చేతుల్లో ఆగాలి. అయితే వీపు మీది ముడి కట్టుకున్నవాడికి కనిపించదు కదా! అందుకే కిందివాడు దగ్గరికొచ్చి, ముడి కింద వేలు పెట్టి, మూడు మెలికలూ ఉన్నాయా లేవా కళ్లతో చూసి, "సూసిన" అనాలి. ఆ మాట వినపడ్డాకే ఎక్కేవాడి కాలు నేలను వదలాలి. ఎక్కేవాడు మళ్లీ అడగకూడదు. అడిగితే కిందివాడిని అనుమానించినట్టు.

అందువల్లే బాపు ఇంకొక నియమం పెట్టాడు. పోట్లాడుకున్నవాళ్లు ఒకే చెట్టుకు పోవద్దు. పోక తప్పకపోతే ఇద్దరూ ఒక్క కంచంలో తిని పోవాలి. "మాట్లాడనోడు ముడేం సూస్తడు?" అనేవాడు. ఒకసారి నాకూ అన్నకూ గొడవైతే, ఆయనే ఎదురుగా కూర్చుని, ఆఖరి ముక్క అయిపోయేదాకా మమ్మల్ని లేవనివ్వలేదు. చివరికి పచ్చిపులుసులో ఒకేసారి ఇద్దరి వేళ్లూ పడి నవ్వొచ్చేసింది. అట్లా నవ్వొచ్చాక ఇంకేం కోపం?

నేను ఇంటర్ అయిపోయి, పంతులు ట్రైనింగుకు సీటు కోసం ఎదురు చూస్తున్న ఎండాకాలం అది. బాపు మోకాళ్లు పట్టేసి చెట్టెక్కడం మానేశాడు. అన్న పైన, నేను కింద. అన్నది పెద్ద చేయి, పెద్ద గొంతు, పెద్ద నవ్వు. చెట్టు మీద ఉన్నంతసేపూ ఈల వేస్తూనే ఉండేవాడు. ఒక రోజు నన్ను రంపానికి పదును పెట్టమన్నాడు. నేను ఏదో నవల పట్టుకుని కూర్చుని మరిచిపోయాను. మరునాడు ఇబ్రహీంపట్నం నడిబొడ్డున ఒక ఇంటి మీది కొమ్మ కోస్తుంటే రంపం సగంలో ఇరుక్కుపోయింది. అన్న కిందికి దిగి వచ్చి, ఆ ఇంటివాళ్లు, వీధిలో పోయేవాళ్లు అందరూ చూస్తుండగా నా చెంప పగలగొట్టాడు. "ఇంటర్ పాసైండు, ఆకురాయి పట్టుడు మాత్రం రాదు దొరకు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ ఇంటి కిటికీలోంచి చూస్తున్న అమ్మాయిలు కూడా నవ్వారు. ఇప్పుడు తలుచుకుంటే ఏముంది అందులో? పదును లేని రంపం చెట్టు మీద ప్రాణం తీస్తుంది, వాడు కొట్టింది న్యాయమే. కానీ ఆ వయసులో నాకు భూమి రెండుగా చీలితే బాగుండుననిపించింది. మూడు రోజులు వాడితో మాట్లాడలేదు.

ఆ మూడు రోజుల్లోనే వాన పడింది. వదినె ఎండకని మోకును గోడ మీద ఆరేసి, గడ్డికోసమని చెలకకు పోయింది. ఉన్నట్టుండి మబ్బు పట్టి కుమ్మేసింది. ఆమె పరుగెత్తుకొచ్చేసరికి మోకు నిలువునా తడిసింది. పాపం, దాన్ని తువాలతో తుడిచి, గాలి తగిలే చోట వేలాడదీసి, రెండు రోజులు తిప్పి తిప్పి ఆరబెట్టింది. నాలుగో రోజు పొద్దున ఆ మోకును అరచేతిలో జారవిడిచి చూసింది నేనే. ఎక్కడా మెత్తబడలేదు. వాసన కూడా చూశాను, ఎండునార వాసనే ఉంది. ఒక్క వానకు మోకు పాడవదు. ఆ సంగతి మా ఇంట్లో నాకు తెలిసినంత బాగా బాపుకూ తెలుసు.

ఆ పొద్దున బాపు హోటలు దిక్కు పోయి ఉన్నాడు. వదినె, చంకలో నెలల పిల్లాడు శ్రీకాంత్‌తో, ఒక్క కంచంలోనే రొట్టెలు పెట్టి, "ఇద్దరు కూసోండ్రి" అంది.

"నాకు ఆకలైతలేదు" అన్నాను.

"ఒక్క బుక్కన్న తిను నర్సిమ్మా."

"ఉండనియ్ తియ్యె" అన్నాడు అన్న, రొట్టె తుంచుతూ. "సదువుకున్నోనికి మన తలెల తింటె శిన్నతనం."

"అట్లయితె ఇయ్యాల పనికి పోకుండ్రి. మీ బాపు జెప్పిందే గద. జర నా మాటినుండ్రి."

అన్న నవ్వాడు. "ఏం గాదు తియ్. ఆడు మాట్లాడకున్నా చెట్టు మాట్లాడ్తది" అని గొడ్డలి భుజాన వేసుకున్నాడు. నేను వెనకాల పది అడుగుల దూరంలో నడిచాను.

పెంకుటింటి మీదికి వాలిన పెద్ద చింతచెట్టు. అన్న మోకు కట్టుకుని, ముడిని వెనక్కి తోసి, వీపు నా వైపు పెట్టి నిలబడ్డాడు. నేను దగ్గరికి పోయాను. పోలేదని ఎవరూ అనలేరు. మోకు మీద చెయ్యి కూడా వేశాను. మొహం మాత్రం అటు తిప్పుకున్నాను. ఆ వీపును చూస్తే చెంప మళ్లీ మండింది. మోకును ఊరికే ఒకసారి కదిలించి, గోడ వైపు చూస్తూ "సూసిన" అన్నాను. అన్న మారుమాట లేకుండా ఎక్కాడు. కాసేపటికి ఈల వినిపించింది.

కింది కోత అయింది. పై కోత కూడా సగం దాటింది. కొమ్మ ఫెళ్లుమని విరిగి, ఆ ఊపుకు చెట్టంతా కదిలి, అన్న కాలు జారింది. నేను మడమలు నేలకు తన్నిపెట్టి, మోకు బిగబట్టి ఉన్నాను. ఇప్పుడు బరువు పడుతుంది, ఇప్పుడు పడుతుంది అని చూస్తున్నాను. నా చేతుల్లో ఏ బరువూ పడలేదు. వాడు ఇంటి ముందరి రాతి అరుగు అంచు మీద పడ్డాడు. ఆ తర్వాత మోకు పంగలోంచి జరజరా జారి వచ్చి నా కాళ్ల దగ్గర కుప్పగా పడింది. ఒక్క పురి కూడా తెగలేదు. ముడి ఉండాల్సిన చోట చిన్న వంపు మాత్రం ఉంది. కట్టేటప్పుడే అన్న ఒక మెలిక తప్పించాడు. చూసి ఉంటే కనిపించేది. నేను ఏం అరుస్తున్నానో నాకు తెలియకముందే, "మోకు తెగింది! మోకు తెగింది!" అని అరిచాను.

అన్నను ఎడ్లబండిలో దవాఖానకు, అక్కణ్నుంచి హైదరాబాదుకు తీసుకుపోయారు. మనిషి పడ్డ మోకును పొద్దుగూకే లోపు కాల్చెయ్యాలి, ఇంట్లోకి తేవద్దు అన్నది బాపు కట్టడే. అది ఆ రోజు నాకు బాగా కలిసొచ్చింది. ఎవరూ చెప్పకముందే ఆ చెట్టు కిందే కిరసనాయిలు పోసి కాల్చేశాను. దవాఖాన మెట్ల మీద బాపు నన్ను అడిగాడు.

"మోకేది రా?"

"కాల్చిన బాపూ. నువ్వు జెప్పినట్టే."

"ముడి సూసినవా?"

"సూసిన."

బాపు నా మొహంలోకి చాలాసేపు చూశాడు. ఇంకేమీ అడగలేదు. చచ్చిపోయేదాకా అడగలేదు. అప్పుడే వదినె నెత్తి బాదుకుంటూ వచ్చి ఆయన కాళ్ల మీద పడింది. "నేనే ముంచిన మామా! వానల ఇడిసిన. నా శేతులార నేనే ముంచిన" అని ఏడ్చింది. కాదు వదినె, మోకు మంచిగనే ఉండె అని ఒక్క మాట అంటే అయిపోయేది. రేపు చెప్దామనుకున్నాను. రేపటికి సీటు కాగితం వచ్చింది, ట్రైనింగుకు పోయాను, పంతులునయ్యాను. రేపు రేపు అంటూనే తల నెరిసింది.

అన్నకు నడుము కింద స్పర్శ పోయింది. మంచంలోనే కూర్చుని ఊరందరి రంపాలకు పదును పెట్టేవాడు. ఇరవై నాలుగు గంటలూ ఆకురాయి గరగర. ఈల మాత్రం మళ్లీ ఎప్పుడూ వేయలేదు. వదినె పొద్దంతా కూలికి పోయి వచ్చి, వాడిని ఎత్తి పక్కకు తిప్పి, పుండ్లకు మందు రాసేది. రాస్తుంటే వాడు, "అంత నీ పుణ్యమే గద" అనేవాడు. పెద్దగా కోపం కూడా ఉండేది కాదు ఆ మాటలో, అలవాటైపోయింది. ఆమె తల వంచుకుని ఊఁ అనేది. ఎన్నోసార్లు నేను ఆ పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నాను. సెలవులకు మందులు, పండ్లు మోసుకుపోయేవాణ్ని. శ్రీకాంత్‌ను చదివించాను. తమ్ముడంటే నర్సింహ సారు లాగా ఉండాలని వాడకట్టంతా మెచ్చుకునేది. సిగ్గు లేకుండా ఆ మెప్పు కూడా తిన్నాను. ఎవరైనా ఆ రోజు సంగతి ఎత్తితే అన్న ఒకటే మాట అనేవాడు. "మా నర్సిమ్మ సూసిన అంటె సూసినట్టే. మోకే మోసం జేసింది." పోయిన ఎండాకాలం అన్న చనిపోయాడు.

షెడ్డు నుంచి వచ్చాక నియమాలు రాయడానికి కూర్చున్నాను. టోపీ గురించి రాశాను, బెల్టు గురించి, మిషన్ రంపం పట్టే తీరు గురించి, కింది కోత పై కోత గురించి రాశాను. సామాను ఎంత మారింది! ఇప్పటి కొక్కెం సరిగ్గా పడితే టిక్కుమంటుంది, పడకపోతే అనదు. కళ్లు మూసుకుని అరచేతిలో జారవిడిచే పని లేదు. బాపు చూసి ఉంటే ఆ కొక్కేలను ముద్దు పెట్టుకునేవాడు. అయినా శ్రీకాంత్ మనుషులను చూశాను కదా, చెవిలో పాట పెట్టుకుని, పక్కవాడి వైపు తల కూడా తిప్పకుండా ఎవరి బెల్టు వాళ్లు బిగించుకుంటారు. ఇక చెట్లా? నాదర్‌గుల్ దాకా మేము ఎక్కి దిగిన చింతలు, వేపలు ప్లాట్ల కింద పోయాయి. ఎప్పుడో కొట్టేశారు. అన్న పడ్డ చెట్టు లేదు, ఆ పెంకుటిల్లు లేదు, మోకును నేనే బూడిద చేశాను. ఏం జరిగిందో చెప్పడానికి నేను తప్ప ఇంకేదీ మిగల్లేదు. కాగితం మీద మొదటి నియమం కోసం వదిలిన జాగా పది రోజులు ఖాళీగానే ఉంది.

బుధవారం పొద్దున పోయేసరికి వదినె షెడ్డు పక్క ఇంట్లో, గడప ముందు కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. నేను నిలబడే చెప్పాను, కూర్చుంటే మళ్లీ వాయిదా వేస్తానని భయం. ఆమె చెయ్యి ఆగలేదు.

"తెగలేదా మోకు?"

"తెగలే. ముడి ఊడింది. నేను సూడలే వదినె."

"సూసిన అన్నవ్ గద?"

"అన్న. సూడకుంటనే అన్న."

రాళ్లు ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టింది. తర్వాత చేట కింద పెట్టి లేచింది. "నా కొడుకు గందరి ముంగట జెప్పిండు. నువ్వు గూడ గందరి ముంగటనే జెప్పాలె. నడువ్" అంది.

పనివాళ్లు బండిలో సామాను ఎక్కిస్తున్నారు. వాళ్ల ముందు నిలబడి చెప్పాను. ముప్పై ఏళ్లకు పైగా పిల్లల ముందు నిలబడి మాట్లాడినవాణ్ని, ఆ నాలుగు ముక్కలు మాత్రం బండి చక్రం వైపు చూస్తూనే ముగించాను. శ్రీకాంత్ చేతిలోని తాడు అట్లాగే పట్టుకుని విన్నాడు. నన్ను తిడతాడనుకున్నాను, తిట్టలేదు. "నేను గూడ అమ్మను అన్న చిన్నాయినా" అన్నాడు. "చిన్నప్పట్నుంచి అన్న. బాపును నువ్వే మంచంల పడేసినవ్ అని అమ్మ మొఖం మీదనే అన్న." తాడు కింద పడేసి, బండి కూడా తీయకుండా, తల వంచుకుని రోడ్డు వెంట నడిచి పోయాడు. పనివాళ్లు ఎవరికి వాళ్లు పనిలో పడ్డట్టు నటించారు.

నేను వచ్చేస్తుంటే వదినె గేటు దాకా వచ్చింది.

"తిట్టు వదినె" అన్నాను. "చెప్పు తీసుకుని కొట్టు. ఏదన్న అను."

ఆమె నన్ను చూడలేదు. గేటు గడియ మీద చెయ్యి వేసి, మెల్లగా, తనలో తాను అనుకున్నట్టే చెప్పింది.

"పానం పోయే ముంగట మీ అన్నకు జర తెలివొచ్చింది. నన్ను పక్కన కూసోమన్నడు. శెయ్యి పట్టుకున్నడు. 'సత్తీ, మోకు సంగతి ఇంక మనసుల పెట్టుకోకు, నిన్ను మాఫ్ జేసిన' అన్నడు. ఎంత సంబురపడ్డనో నర్సిమ్మా. ఏడ్సుకుంట ఆయన కాళ్లు మొక్కిన."